రాజుగారి హాజరు పట్టీ

మా పెద్దపల్లి దిక్కు పెండ్లికి రానివాళ్లను నాలుగు రోజులకు మరిచిపోతారు. సావుకు రానివాళ్లను మాత్రం యాది పెట్టుకుంటారు. "అందరచ్చిండ్రు, గాయినె రాలె" అన్న మాట ఏండ్లు గడిచినా ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ మనిషి ఎందుకు రాలేకపోయాడన్నది తర్వాతి సంగతి. ముందైతే లెక్కలో పేరు లేదు, అంతే. బ్రిటన్‌లో కాపురం పెట్టాక చూస్తే, ఇక్కడి జనం తమ రాజకుటుంబాన్ని లెక్కగట్టేదీ ఇదే తీరున. అదీ చర్చి గడప దగ్గర.

ఇక్కడ రాజుకు చర్చికి పోవడం కొలువులో భాగం. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ఆయనే అధిపతి. మార్చి రెండో సోమవారం వెస్ట్‌మినిస్టర్ అబేలో కామన్వెల్త్ దినం ప్రార్థన ఉంటుంది. ఈస్టర్‌కు ముందు గురువారం ఏదో ఒక పెద్ద చర్చిలో, తన వయసెంతో అంతమంది మగవాళ్లకూ అంతమంది ఆడవాళ్లకూ 'మాండీ' నాణేలు పంచుతారు. 2025లో డర్హమ్‌లో 76 మంది చొప్పున పంచారు. ఈస్టర్ ఆదివారం విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ చాపెల్, క్రిస్మస్‌కు శాండ్రింగ్‌హామ్. మర్నాడు పేపర్లు తిరగేస్తే ప్రసంగంలో ఏం చెప్పారో వెతికినా దొరకదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, కోటు రంగేమిటి, ఎవరి వెనక వరుసలో ఎవరిని కూర్చోబెట్టారు, అన్నదమ్ములు పలకరించుకున్నారా లేదా, అంతా ఇదే.

విచిత్రమేమిటంటే, 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో తాము క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు 46.2 శాతమే. సగానికన్నా తగ్గడం అదే మొదటిసారి. అంటే, తాము ఏనాడూ చర్చి మెట్లెక్కనివాళ్లు కూడా రాజు మాత్రం ఎక్కి తీరాలంటున్నారు. మా ఆఫీసులో దేవుడే లేడని వాదించే ఒక పెద్దాయన ఉన్నాడు. "మా అందరి తరఫున ఆయన పోవాలి, జీతమిచ్చేది అందుకే కదా" అంటాడు.

2025 మార్చి 10న ఆ తంతు చూద్దామని నేనూ అబే ముందు బారికేడ్ల దగ్గర నిలబడ్డాను. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు. పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని డెబ్బై దాటిన ఒక ఆవిడ కూర్చుంది. రాజుగారి పెద్దకోడలు కేట్‌ను చూడ్డానికి పొద్దుటి రైలుకే వచ్చిందట. "కేట్ కోలుకుందో లేదో నా కళ్లతో చూసుకుని పోతాను" అంది. మన దిక్కు దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కోడలిని చూడ్డానికి ఊళ్లోవాళ్లు వచ్చినట్టే ఉంది ఆమె వాలకం. కాస్త అవతల పసుపుపచ్చ అట్టలు పట్టుకున్న గుంపు 'నాట్ మై కింగ్' అని అరుస్తోంది. రాచరికం వద్దనేవాళ్లు ఏటా ఈ ప్రార్థన రోజునే వచ్చి నిలబడుతున్నారు. వాళ్లలో ఒక కుర్రాడు నా మొహం చూసి ఊరుకోలేదు. "మీరు వీళ్లను వెళ్లగొట్టి రిపబ్లిక్ అయ్యారు కదా, ఇక్కడికొచ్చి వీళ్లకు జెండా ఊపుతారా?" అన్నాడు. నా చేతిలో జెండా లేదని చూపించాను. నవ్వేసి, చేతిలో ఒక కరపత్రం పెట్టాడు.

అతని మాటలో పస లేదనలేను. 2024–25లో రాజకుటుంబం అధికారిక ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చింది 8.63 కోట్ల పౌండ్లు. బందోబస్తు ఖర్చు అందులో లేదు. నెల నెలా నా జీతంలో కోసుకునే పన్నులో నుంచి కొన్ని పైసలైనా ఆ పద్దులోకి పోతున్నట్టే. పైగా కామన్వెల్త్ దేశస్థులం కాబట్టి, ఇండియా పాస్‌పోర్టుతోనే ఇక్కడి ఎన్నికల్లో ఓటు వేసే హక్కు మనకుంది. 1949లో లండన్ ప్రకటనతో, రిపబ్లిక్‌గా మారుతూనే భారతదేశం కామన్వెల్త్‌లో ఉండిపోయిన పుణ్యం అది. పన్నూ కడుతున్నాం, ఓటూ వేస్తున్నాం. కాబట్టి రాజుగారి హాజరు గురించి మాట్లాడే హక్కు ఆ కుర్చీ ఆవిడకూ పసుపు అట్ట కుర్రాడికీ ఎంతుందో నాకూ అంతే ఉంది.

అయితే ఈ హాజరు ఆరాటం ఎంత దూరం పోతుందో 2024లో చూశాం. ఆ ఏడు కామన్వెల్త్ ప్రార్థనకు రాజు చార్లెస్ రాలేదు. కేన్సర్ అని అంతకుముందే, ఫిబ్రవరిలో ప్రకటించారు కాబట్టి ఆయన వీడియో సందేశంతో సరిపెడితే ఎవరూ ఏమీ అనలేదు. కేట్ జనవరిలో ఆపరేషన్ చేయించుకుందని మాత్రమే చెప్పారు, రోగమేమిటో చెప్పలేదు. ఇక చూడండి. ఎక్కడుంది, ఎందుకు కనబడదు, మొగుడూపెళ్లాలకు పడటం లేదా అని నోటికొచ్చినట్టు మాట్లాడని మనిషి లేడు. చివరికి మార్చి 22న ఆమె ఒక బెంచీ మీద కూర్చుని, తనకూ కేన్సరేనని, పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి టైం పట్టిందని వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. దేశం మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది. ముగ్గురు పిల్లల తల్లి తన రోగాన్ని సంజాయిషీగా సమర్పించుకోవాల్సి రావడం నాకు మింగుడుపడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి 2022లో జరిగింది. మార్చి 29న అబేలో, అప్పటి రాణి ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ స్మారక ప్రార్థన. లైంగిక ఆరోపణలు నిజం కాదంటూనే, వాటి మీద అమెరికాలో నడుస్తున్న సివిల్ కేసును వాళ్ల కొడుకు ఆండ్రూ రాజీతో ముగించుకుని అప్పటికి కొన్ని వారాలే. అలాంటివాడు తల్లి చేయి పట్టుకుని ఆమెను లోపలికి నడిపించుకుంటూ వచ్చాడు. తండ్రి కోసం జరిగే ప్రార్థనకు కొడుకు రావడంలో తప్పులేదన్నవాళ్లున్నారు. రావచ్చు, వెనక వరుసలో కూర్చోవాలి గానీ, దేశం చూస్తుండగా రాణి పక్కన నడవడమేమిటన్నవాళ్లే ఎక్కువ. ఆ ఏడే జూన్ 3న సెయింట్ పాల్స్‌లో రాణి గద్దెనెక్కిన ప్లాటినం వేడుకల ప్రార్థన జరిగితే, ఒంట్లో బాగోలేక రాణి రాలేదు. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. మెట్లెక్కుతున్న ప్రధాని బోరిస్ జాన్సన్‌ను మాత్రం జనంలో కొందరు గట్టిగా గేలిచేశారు. రాని ముసలావిడను మన్నించి, వచ్చిన ప్రధానిని నిలదీసిన ఆ జనం తీర్పే నాకు నచ్చింది.

ఫోన్లో ఇదంతా చెబితే పెద్దపల్లిలో ఉన్న మా బాపు తేలిగ్గా తీసిపారేశాడు. "గండ్ల ఏం వింత ఉన్నది బిడ్డా? మన దగ్గర లేదా? భద్రాచలంల రాముల కల్యాణానికి ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తేకుంటే ఎంత లొల్లి అయితది?" అన్నాడు. నిజమే. తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్పుకునే ఆనవాయితీ అది. ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున రావాలి. ముఖ్యమంత్రికి బదులు మంత్రి వచ్చిన ఏడు మన చాయ్ హోటళ్లలో జరిగే చర్చకూ, ఇక్కడి పబ్బుల్లో జరిగే చర్చకూ తేడా ఏమీ లేదు. 2024 క్రిస్మస్‌కు మెదక్ చర్చి నూరేళ్ల పండుగకు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పోయారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి అది. 1924లో క్రిస్మస్ రోజునే తలుపులు తెరిచారు. ఓట్ల కోసం పోయారన్నవాళ్లూ, పోవడమే మర్యాద అన్నవాళ్లూ మన ఊళ్లోనూ ఉన్నారు.

బాపే ఇంకో మాట గుర్తుచేశాడు. ఈ దేశపు రాణి మన తెలంగాణ గడ్డ మీద చర్చికి వచ్చిన రోజు ఉంది. 1983 నవంబరులో ఢిల్లీలో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశానికి ముందు ఎలిజబెత్ రాణి, ఫిలిప్ హైదరాబాద్ వచ్చారు. బొల్లారం రాష్ట్రపతి నిలయంలో దిగారు. నవంబరు 20, ఆదివారం. వాళ్ల పెళ్లయి ఆనాటికి 36 ఏళ్లు. ఆ పూట బొల్లారంలోని పాత హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు కూర్చున్నారు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన తొలి ఏడు అది. "దేశం ఇడిసిపెట్టి పోయినోళ్లు మళ్లచ్చిండ్రని కొందరన్నరు, రాణిని చూసుడే అదృష్టమని కొందరు ఉరికిండ్రు" అని బాపు నవ్వాడు.

ఆ పెళ్లికీ మా జిల్లాకూ ఇంకో చుట్టరికం ఉంది. 1947 నవంబరు 20న ఆ పెళ్లి జరిగినప్పుడు పెద్దపల్లి ఇంకా నిజాం ఏలుబడిలోని కరీంనగర్ జిల్లాలో ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మాకు రాలేదు. నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెళ్లికూతురికి కార్టియే దుకాణంలో నచ్చిన నగ ఎంచుకొమ్మని చెప్పి వజ్రాల హారం, కిరీటం కానుకిచ్చాడు. అదే నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి మార్చిలోనే మా కరీంనగర్ దిక్కు నిజాం మీద పోరాడిన అనభేరి ప్రభాకరరావు, ఆయన దళంలోనివాళ్లు నిజాం పోలీసుల కాల్పుల్లో పోయారు. వెట్టి చాకిరీ చేస్తూ, లెవీ ధాన్యం కొలుస్తూ బతికిన పల్లెల రాజ్యం నుంచి వచ్చిన హారం అది. 2014లో కేట్ మెడలో దాన్ని చూసి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "మన నిజాం నగ" అని మురిసిపోయారు. ఎవరి చెమటతో కొన్నారని అడిగినవాళ్లు తక్కువ.

మనవాళ్ల మురిపెం 2023 మే 6న మళ్లీ చూశాను. చార్లెస్ పట్టాభిషేకంలో హిందువైన ప్రధాని రిషి సునాక్ బైబిల్ చదివారు. ఉంగరం అందించింది హిందువు లార్డ్ పటేల్, చేతితొడుగు అందించింది సిక్కు లార్డ్ ఇందర్‌జిత్ సింగ్. లార్డ్స్ సభలోని ముస్లిం, యూదు సభ్యులకూ తలా ఒక వస్తువు ఇచ్చారు. హిందువు బైబిల్ చదవడమేమిటని మన గ్రూపుల్లో ఒకరిద్దరు గొణిగారు. పదవిలో ఉన్నవాడు పదవి చెప్పిన పని చేశాడని మిగతావాళ్లు సర్దిచెప్పారు. ఇక్కడి మన సంఘాలు మాత్రం తక్కువ తిన్నాయా? బతుకమ్మకు మెడలో గొలుసు వేసుకుని ఊరి మేయర్ వచ్చి, పువ్వుల మధ్య తడబడుతూ ఒక చుట్టు తిరిగితేనే ఆ ఏడు పండుగ ఘనంగా జరిగినట్టు. రాకపోతే కమిటీవాళ్ల మీద విరుచుకుపడతాం.

నా మట్టుకు నాకు తోచేదిదీ. ప్రజల సొమ్ముతో బతికేవాళ్లు ప్రజల పండుగకూ దుఃఖానికీ వచ్చి కూర్చోవాలి. వాళ్లకు భక్తి ఉందా లేదా అన్నది మనకు అనవసరం. రాకపోతే అడగొచ్చు, వచ్చిన తీరు బాగోకపోయినా అడగొచ్చు. మంచాన పడ్డవాళ్లను మాత్రం అడగకూడదు. ఇంకొక్క మాట, ఇది మన ఊరివాళ్లకు. 2022 జులైలో గోదావరి పొంగి మా మంథని నీళ్లల్లో మునిగింది. భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు చేరింది. వచ్చే శ్రీరామనవమికి పట్టువస్త్రాలు ఎవరు తెచ్చారని తప్పక అడగండి. ఆ వరద వచ్చినప్పుడు ఎవరెవరు వచ్చారు, ఇచ్చిన మాటల్లో ఎన్ని నిలబెట్టుకున్నారు అని అంతకన్నా గట్టిగా అడగండి.