నా మోకాలికి నొప్పి వచ్చాక

మోకాలి చిప్ప కింద ఏదో గీరుకున్నట్టు సన్నగా మొదలైన నొప్పి, నెల తిరిగేసరికి పూజగదిలో కూర్చొని లేవడమే గండంగా చేసింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "గొంతుకూర్చొని చేసే పనులు ఇంక మానుకోండి" అన్నారు. మా ఇంట్లో పూజగదీ వంటగదీ నేనే తుడుచుకుంటాను. ఆ రాత్రే ఫోనులో వెతికి స్ప్రే మాప్ ఒకటి తెప్పించుకున్నాను. వెల 899 రూపాయలు. చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడిపోయిన ఏడు అది, 2022 ఎండాకాలం.

నిలువెత్తు కడ్డీ, పిడి దగ్గర మీట, మధ్యలో చిన్న సీసా, అడుగున పలకకు అతుక్కునే నీలం గుడ్డ. మీట నొక్కితే నీళ్ళు తుంపరగా రాలతాయి. బక్కెట మోసే పని లేదు, నడుం వంచే పని లేదు. పూజగది తుడిచి నిలబడినప్పుడు నాకు నిజంగానే ప్రాణం లేచివచ్చింది.

మిగతా ఇల్లంతా తుడిచేది 11 ఏళ్ళుగా మా ఇంట్లో పని చేస్తున్న ఆమె. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. నేను అక్కా అంటాను, ఆమె టీచరమ్మా అంటుంది. పొద్దున్నే కసువు చిమ్మి, బక్కెట నీళ్ళూ పాతపంచె గుడ్డా తెచ్చుకొని, గొంతుకూర్చొని వెనక్కి వెనక్కి జరుగుతూ మూడు గదులూ వరండా తుడుస్తుంది. ఆ రోజు తలుపు చాటున ఆనించి ఉన్న మాపును చూసి, చేతిలో పరక అట్లాగే పట్టుకొని నిలబడిపోయింది.

"రేపట్నించి తుడిచేదానికి నేను రావల్లా, వద్దా టీచరమ్మా?"

జీతంలో తుడుపు డబ్బులు పోతాయేమోనని ఆమె భయం. "అయ్యో, అదేం లేదక్కా. జీతం ఒక్క రూపాయి తగ్గదు. నువ్వు కూడా దీంతోనే తుడువు" అన్నాను. ఆమె మీట రెండుసార్లు నొక్కి చూసింది. తుంపర పడిన చోట కడప బండ నల్లగా మెరిసింది. హాలు నుంచి వరండా దాకా నిలబడే తుడుచుకుంటూ పోయి, తిరిగి వచ్చి, గోడకు వీపు ఆనించి అడిగింది: "ఇది ఎన్నాళ్ళ నించి దొరకతా ఉంది?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. టమాటా ధర అడిగినంత మామూలుగా అడిగింది. "చానా ఏండ్ల నించే ఉందక్కా" అన్నాను. "అట్లనా" అని అంట్లు తోమడానికి పెరట్లోకి పోయింది.

ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు మా ఇంట్లోకీ బురదనీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక నేల మీద వేలెడు మందాన మిగిలిన బురదను ఆమె అరచేతులతో తోడి బొచ్చెలో పోసింది. మధ్యలో లేవబోయి, తలుపు రెక్క పట్టుకొని, కళ్ళు మూసుకొని కాసేపు నిలబడింది. "ఏమైందక్కా?" అంటే "ఏం లే, కాళ్ళు పట్టుకున్నాయి" అంది. బర్డ్ ఎముకల ఆసుపత్రిలో చూపించుకొని మాత్రలు తెచ్చుకుంటోందని నాకు తెలుసు. ఆ పూట వేడిగా కాఫీ కలిపి ఇచ్చాను. ఇచ్చినందుకు లోపల తృప్తి పడ్డాను కూడా.

అప్పుడు నా దగ్గర 899 రూపాయలు లేవా? ఉన్నాయి. అంతకుముందే ఒక అంగట్లో ఈ మాపును చేతిలోకి తీసుకొని చూశాను. ఇంత పోసి ఈ ప్లాస్టిక్ కడ్డీ ఎందుకులే అనుకొని పెట్టేశాను. అదే వస్తువు, కొంచెం అటూ ఇటూగా అదే ధర. మోకాలు నాది అయ్యేసరికి ఖరీదైనది చవకైపోయింది.

ఆమె ఎన్నడూ అడగలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. తుడుపు డబ్బులు పోతాయని భయపడే మనిషి ఏ ధైర్యంతో అడుగుతుంది? పైగా "చేత్తో తుడిస్తేనే మూలలు తెల్లబడతాయి" అని ఆమే అనేది. పని మీద ఆమెకున్న గౌరవం అది. ఆ గౌరవాన్ని నా పొదుపుకు సాక్ష్యంగా నిలబెట్టుకున్నాను. పాకాల దగ్గర మా ఊళ్ళో అవ్వ పేడతో ఇల్లు అలికితే, నేల మీద ఆరే చేతి జాడలు చూసి ఎంత అందమో అని మురిసిపోయేవాళ్ళం. అలికాక అవ్వ స్తంభం పట్టుకొని లేచేది. అందం గుర్తుపెట్టుకున్నంతగా ఆ లేవడాన్ని మనలో ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం?

మోకాలి చిప్ప ముందున్న తిత్తి వాచిపోయే జబ్బు ఒకటుంది. ఇంగ్లీషులో దానికి 'పనిమనిషి మోకాలు' అని వాడుకపేరు. మోకాళ్ళ మీద వంగి నేల రుద్దే ఆడవాళ్ళను చూసి పెట్టిన పేరు అది. స్పెయిన్‌లో 1956లో మాన్యుయెల్ హలోన్ అనే విమానాల ఇంజనీరు, నిలబడి తుడిచే కర్రనూ, దాన్ని పిండుకునే బక్కెటనూ జతచేసి అమ్మకానికి తెచ్చాడు. ఆడవాళ్ళను మోకాళ్ళ మీంచి లేపిన మనిషిగా ఆయన్ని అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. ఇది చదివిన రోజు లెక్క వేసుకున్నాను. ఆ కర్ర మా ఇంటి గడప తొక్కడానికి 66 ఏళ్ళు పట్టింది. అది కూడా నా కోసం.

మా వరండాలో నిలబడితే శేషాచలం కొండ కనిపిస్తుంది. ఆ కొండ మీద తిరుమల గుడిలో ఏడాదికి నాలుగుసార్లు, ఉగాదికీ ఆణివార ఆస్థానానికీ బ్రహ్మోత్సవాలకీ వైకుంఠ ఏకాదశికీ ముందు వచ్చే మంగళవారం నాడు, కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, ఆనందనిలయం మొదలుకొని బంగారువాకిలి దాకా గోడలూ పైకప్పూ పూజాసామగ్రీ నీళ్ళతో కడుగుతారు. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, గడ్డకర్పూరం, గంధంపొడి, కిచిలిగడ్డ కలిపిన పరిమళజలం గోడలకు చల్లుతారు. అర్చకులతో పాటు పెద్దపెద్ద అధికారులు కూడా ఆ పనిలో చేయి వేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ మాట వినగానే దణ్ణం పెట్టుకునేదాన్ని. అక్కడ కడిగి శుభ్రం చేయడం అందరికీ దక్కాలనుకునే సేవ. నా ఇంట్లో అదే పని ఒక్క మనిషి కాళ్ళ మీద పడింది. ఈ రెంటినీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడలేదు.

మాపు వచ్చినంత మాత్రాన అంతా చక్కబడిందనీ చెప్పలేను. రెండు బక్కెట్ల నీళ్ళు పట్టే తుడుపు ఇప్పుడు రెండు సీసాలతో, గుడ్డ ఉతకడానికి అర బక్కెటతో అయిపోతోంది. ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఎండాకాలాలు చూసిన ఊళ్ళో ఇది చిన్న సంగతి కాదు. కానీ మా బోరు ఉప్పుకు మూడో నెలలోనే తుంపర ముక్కు మూసుకుపోయింది. సూదితో తెల్లటి పెళ్ళ గీకి తీయాల్సి వచ్చింది. పాతపంచె గుడ్డ చివికితే మట్టిలో కలిసిపోయేది. ఈ నీలం గుడ్డ పాలిస్టరు దారం, ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ నూగు నీళ్ళతో పాటు పోతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి మొదటి వారంలోనే చూడవలసింది, నెల తర్వాత చూశాను. తుడిచాక మురికి గుడ్డను పెరట్లో పడేసేదాన్ని. దాన్ని గొంతుకూర్చొని ఉతికేది మళ్ళీ అక్కే. నేను తీసేశాననుకున్న బరువు గదిలోంచి పెరట్లోకి పోయింది, అంతే. ఇప్పుడు ఆ గుడ్డ నేను సింకు దగ్గర నిలబడి ఉతుకుతున్నాను.

పోయిన కార్తీకంలో ఒకరోజు పని ముగించుకొని, పైటకొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ఎదురు వీధిలో ఇంకో ఇల్లు చేస్తా ఉండాను కదా. ఈ మాపును ఆడికి తీసకపోయి, సాయంత్రం తెచ్చి పెట్టేదా?"

వెంటనే సరే అనలేకపోయాను. ఎవరో ఇంట్లో తుడిచింది మళ్ళీ మా పూజగదిలోకా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆమె అది నా ముఖంలో చదివింది. "వద్దులే టీచరమ్మా" అని చెప్పులేసుకుంది. ఆమె గేటు దాటేలోపు పిలిచాను.

మరుసటి రోజు ఇంకో మూడు గుడ్డలు తెప్పించాను. ఎదురు వీధి ఇంటి గుడ్డకు అంచున ఎర్రదారం కుట్టాను. ఇప్పుడు మా వరండా తీగ మీద ఆ గుడ్డా మా గుడ్డా పక్కపక్కన ఆరుతుంటాయి. ఆమె చేసే ఇళ్ళు మొత్తం నాలుగు. మిగతా రెండూ ఊరికి ఆ చివర. అక్కడ ఇంకా బక్కెట, గుడ్డే.