ఆమెన్

నాన్నగారికి బదిలీ అయి షిల్లాంగ్ వచ్చాం. ఇది నాకు నాలుగో బడి. మొదటి ఆదివారం చర్చిలో ప్రార్థనంతా ఖాసీలోనే జరిగింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. గుంటూరు స్నేహితులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. చివర అందరూ "ఆమెన్" అన్నారు. నేనూ అన్నాను. పక్కనున్న అమ్మాయి నావైపు చూసి నవ్వింది.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. అది హీబ్రూ మాటట. స్థిరత్వం, నమ్మకం అనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టింది. "నిజం", "అలాగే జరుగుగాక" అని భావం. మన "తథాస్తు" లాంటిది. గ్రీకు, లాటిన్ భాషలు దాటి తెలుగులోకి వచ్చినా మారలేదు. ముస్లింలు "ఆమీన్" అంటారు. యూదుల ఆచారంలో, దీవెన విని ఆమెన్ అన్నవారు దాన్ని తామూ పలికినట్టే.

అంటే ఆ రోజు నేనూ ఖాసీలో ప్రార్థించినట్టే! ఆ అమ్మాయి ఇప్పుడు నా స్నేహితురాలు. తను నేర్పిన మొదటి మాట "ఖుబ్లెయ్". అంటే ధన్యవాదాలు.