చలాన్ ఫొటోలో మేం ముగ్గురం

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి.

నాది దేవరకొండ దిక్కు ఒక తండా. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. అందుకే తండాలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఫొటో తీసి నాకే పంపుతారు. రేషన్ కార్డు, పాస్‌బుక్కు, గ్యాస్ సబ్సిడీ, అన్నీ నేనే చూడాలె. చలాన్ల పని కూడా అట్లనే నా నెత్తిన పడింది.

2023 డిసెంబర్ 26 నుంచి మన రాష్ట్రంలో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు, గుర్తుండే ఉంటది. బైకులకు, ఆటోలకు 80 శాతం మాఫీ. అప్పుడు నేను ఫస్టియర్. ఒక్కరోజే తండా నుంచి పద్నాలుగు బండ్ల నంబర్లు వచ్చినయ్. పోలీసు వాళ్ల ఈ-చలాన్ సైట్ తెరిచి, బండి నంబర్ కొట్టి, పక్కన బొమ్మలో ఉన్న అక్షరాలు టైప్ చేస్తే చాలు. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఏ చౌరస్తాలో, ఏం తప్పు, ఎంత కట్టాలి, అన్నీ వస్తాయి. ఫొటో కూడా ఉంటుంది. యూపీఐతో కట్టేయొచ్చు. ఫోన్‌లో చేతకాని వాళ్లు మీసేవకు పోయి కట్టారు.

మా బాపు బండి నంబర్ ఆఖరుకు కొట్టాను. తొమ్మిది చలాన్లు. నాలుగు వేల దాకా ఉంది.

ఇన్ని ఉన్నట్టు బాపుకు ఒక్కటి కూడా తెల్వదు. ఎందుకంటే ఆ బండి 2019లో మిర్యాలగూడలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదనే ఉంది. మెసేజ్‌లు అన్నీ ఆయన ఫోన్‌కే పోయినయ్.

ఒక్కొక్క ఫొటో తెరిచి చూశాను. ఒకదాంట్లో బాపు బండికి రెండు పక్కలా సీతాఫలాల గంపలు. అది నాకు తెలిసిందే, ప్రతి ఏడాది పోతాడు. ఇంకొకటి సెప్టెంబర్‌ది. పొద్దున ఏడున్నర, ఎల్బీనగర్. బండికి గడ్డపార కట్టి ఉంది, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా. ఆ వారమంతా నాతో ఫోన్‌లో “పత్తి చేన్ల ఉన్న బిడ్డా” అన్నాడు. నేను పుస్తకాలకు పైసలు అడిగింది ఆ వారమే. అడ్డా మీద కూలికి నిలబడ్డాడని నాకు చలాన్ చెప్పింది. ఇప్పటిదాకా నేను ఆ మాట ఆయన్ను అడగలేదు.

తర్వాతది ఆగస్టులో పడింది. ట్రిపుల్ రైడింగ్. నంబర్ ప్లేట్ కనబడాలి కాబట్టి ఫొటోలు ఎక్కువ వెనక నుంచే తీస్తారు. అందుకని ముందు కనబడింది నేనే. నా జడ, నా తొడ మీద ట్రంకు పెట్టె. నా ముందు యాడి, ఆమె ముందు బాపు భుజం కొంచెం. అది నన్ను హాస్టల్‌లో చేర్పించడానికి వచ్చిన రోజు. ముగ్గురిలో ఎవరికీ హెల్మెట్ లేదు. మేం ముగ్గురం కలిసి ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, నవ్వుకోండి పర్వాలేదు.

రాయితీ పోను ఎనిమిది వందల చిల్లర కట్టాం. తండా అంతా నన్ను మెచ్చుకున్నారు. కొందరు మాత్రం “ఎందుకు తొందర, మళ్ల డిస్కౌంట్ ఇస్తరు” అన్నారు. వాళ్ల లెక్క వాళ్లది, 2022 మార్చిలో కూడా బైకులకు 75 శాతం తగ్గించారు మరి. ఇట్ల రెండేండ్లకోసారి తగ్గిస్తే జరిమానా కూడా దసరా ఆఫర్ లెక్క అవుతదని నాకు అనిపిస్తది.

ఆ పద్నాలుగు నంబర్లలో మా కాకా బండి కూడా ఉంది. దాని మీద ఒక్క చలాన్ లేదు. “కాకా, నీది నిల్” అని చెప్తే “నేను సిటీకే పోను, నన్నెవరు పట్టుకుంటరు” అని నవ్వాడు.

2024 నవంబర్‌లో కాకా కొండమల్లేపల్లి నుంచి రాత్రి వస్తున్నాడు. వడ్ల కాలం. మన దిక్కు ఆ రోజుల్లో సగం రోడ్డు వడ్లదే, మీకు తెలుసు. కుప్ప చేసి నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లల్లో పడ్డప్పుడు అది అసలు కనబడదు. కాకా బండి రాయి ఎక్కి పడింది. హెల్మెట్ లేదు. మూడో రోజు పోయాడు.

వడ్లు ఆరబోసిన రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. మేం కూడా అక్కడే ఆరబోస్తాం, వేరే కల్లం లేదు. కానీ రాత్రికి ఆ రాళ్లు తీయొచ్చు, లేకుంటే సున్నం పూయొచ్చు. ఆ తర్వాత మా తండా వాళ్లు రాళ్లు మానేసి ఇసుక సంచులు పెడుతున్నారు.

దినాలు అయినాక కాకీ నా దగ్గర కూర్చొని “ఫోన్ల చూడు బిడ్డా, ఏమన్న వస్తదా” అని అడిగింది. చూశాను. బండి ఓనరే నడుపుతూ చనిపోతే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఒకటి ఉంటది. దానికి ఆర్సీ అతని పేరు మీద ఉండాలి, లైసెన్స్ ఉండాలి, పాలసీ నడుస్తూ ఉండాలి. కాకాకు మూడూ లేవు. బండి పాత ఓనర్ పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్ కొన్న ఏడాదే అయిపోయింది, లైసెన్స్ తీసుకోనే లేదు. చాలామంది థర్డ్ పార్టీ కడితే మనకు కూడా వస్తది అనుకుంటారు. అది మన బండి తగిలి ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే వాళ్లకు ఇచ్చేది. ఇదంతా నేను కాకీకి మెల్లగా చెప్పాను. ఆమె “సరే బిడ్డా” అని లేచిపోయింది.

అంతకుముందు ఏడాది ఆ నంబర్ కొట్టి చూసింది నేనే. చలాన్ నిల్ అని చూసి మూసేశాను. అదే నంబర్ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కూడా చూపిస్తది. రెండు నిమిషాల పని. నాకు అప్పుడు ఆ సోయి లేదు.

అందుకే బాపు బండి సంగతి పట్టుకున్నాను. ముందు మిర్యాలగూడ పోయాం. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినాయన సంతకం కావాలి. ఆయన కోపంగా ఉంటాడనుకున్నా. ఫోన్ తీసి పాత మెసేజ్‌లు చూపించి, “మీ నాయిన యాడ యాడ తిరిగిండో మీకన్న నాకే ఎక్కువ ఎరుక” అన్నాడు. చాయ్ తాగించి సంతకం పెట్టాడు. ఇన్సూరెన్స్ కూడా కట్టాం. బాపుది 100 సీసీ బండి, థర్డ్ పార్టీకి 714 రూపాయలు, దాని మీద జీఎస్టీ, పర్సనల్ యాక్సిడెంట్‌కు వేరే. లైసెన్స్ వచ్చేదాకా ఆ 15 లక్షల కవర్ ఉన్నా లేనట్టే.

లైసెన్స్ దగ్గర గట్టిగా ఇబ్బంది అయింది. నలభై దాటింది కాబట్టి డాక్టర్ దగ్గర ఫారం 1ఏ తీసుకోవాలి. లెర్నింగ్ టెస్టు కంప్యూటర్ మీద, తెలుగులో రాయొచ్చు. బాపు మూడో తరగతి, అక్షరాలు కూడబలుక్కొని చదువుతాడు. సంక్రాంతి సెలవుల్లో గుర్తులన్నీ అట్టల మీద గీసి మా భాషలో చెప్పి నేర్పించాను. మొదటిసారి తప్పాడు. బయటకు వచ్చి “నువ్వు ఇంటర్ పాసైనప్పుడు గింత భయం కాలే” అన్నాడు. రెండోసారి పాసయ్యాడు.

మధ్యలో ఇంకో మాట. వాట్సాప్‌లో “మీ బండికి చలాన్ పడింది” అని ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోకండి. మా హాస్టల్‌లో ఒక అక్క తెరిచింది, స్కాలర్‌షిప్ పైసలు పోయినయ్. చలాన్ కట్టడానికి ఏ యాప్ దింపుకోవాల్సిన పని లేదు. చివర gov.in ఉన్న సైట్‌లో మీరే నంబర్ కొట్టి చూసుకోండి.

హెల్మెట్ ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొన్నాం. బాపు దాన్ని ట్యాంకు మీద పెట్టుకొని ఇబ్రహీంపట్నం దాకా వస్తాడు, అక్కడ కెమెరాలు మొదలైతయని నెత్తికి పెడతాడు. నేను యాడికి చెప్పాను, బయలుదేరేటప్పుడు ఫొటో తీసి పంపమని. మొన్న పంపిన ఫొటోలో హెల్మెట్ ఉంది, బెల్టు మాత్రం వేలాడుతోంది. ఫోన్ చేశాను.

“ఊర్ల ఎవరు చూస్తరు బిడ్డా?”

“కాకా ఊర్లనే కదా బాపూ పడ్డది.”

ఏం మాట్లాడలేదు. ఫోన్ యాడికి ఇచ్చేశాడు. కాసేపటికి యాడి “పెట్టుకున్నడు” అంది.

డ్రైవింగ్ టెస్టు స్లాట్ వచ్చే మంగళవారం దొరికింది. నేను హాస్టల్‌లో ఔట్‌పాస్ రాసిచ్చాను.