సగం బరువు

చంపావతి నది సముద్రంలో కలిసే కోనాడకు చేరువలో ఉంది మా ఊరు. మా అయ్యకు అక్కడ గుల్లసున్నపు బట్టీ ఉండేది. తీరానికి కొట్టుకొనివచ్చిన ఆల్చిప్పలను, నత్తగుల్లలను ఏరి తెచ్చి, బొగ్గులతో పొరలు పొరలుగా పేర్చి కాల్చేవాడు. సంక్రాంతికి ముందు చుట్టుపక్కల ఊళ్ళ గోడలన్నీ ఆ సున్నంతోనే తెల్లబడేవి. ఆయన అరచేతులు మాత్రం ఏడాది పొడుగునా పగిలి, బొబ్బలెక్కి ఉండేవి.

1983లో నేను విజయనగరంలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు అయ్య ఒకసారి నన్ను చూడడానికి వచ్చాడు. చొక్కా నిండా సున్నపు మరకలు. "ఎవరాయన?" అని తోటి విద్యార్థి అడిగితే "మా ఊరాయన" అన్నాను. ఆ మాట అయ్య చెవిన పడిందో లేదో నాకు నేటికీ తెలియదు.

ఆ సంవత్సరమే రసాయనశాస్త్ర తరగతిలో సున్నపురాయి పాఠం వచ్చింది. గుల్ల అయినా, సున్నపురాయి అయినా, చలువరాయి అయినా ప్రధానంగా కాల్షియం కార్బనేటే. 100 గ్రాముల కాల్షియం కార్బనేటును సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సమీకరణాన్ని కంఠస్థం చేశాను. అది మా బట్టీలో నిత్యమూ జరిగే పనే అన్న ఆలోచన నాకు రానేలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అయ్యే అడిగాడు. "రెండు గంపల గుల్ల కాలిస్తే గంప బరువే దిగుతాది. మిగిలిన బరువు ఏటైపోనాదిరా?"

"బొగ్గుపులుసు గాలిగా మారి ఆకాశంలో కలిసిపోయింది" అన్నాను గర్వంగా.

ఆయన కొంతసేపు ఆలోచించాడు. "గాల్లోకి పోనాది, సరే. మరి గుల్లలోకి ఎక్కడ్నుంచి వచ్చినాది?"

"అది పరీక్షలో అడగరు" అన్నాను. అయ్య నవ్వి బట్టీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదిహేనేళ్ళు గడిచాయి. నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణయ్యాను. 1998లో విద్యార్థులను బొర్రా గుహలకు తీసుకొని వెళ్ళాను. కొత్తవలసలో కిరండూల్ రైలెక్కితే శృంగవరపుకోట, బొడ్డవర దాటగానే కొండలు ఎదురవుతాయి. సొరంగాల చీకటినీ లోయల వెలుగునూ మార్చి మార్చి చూపుతూ రైలు అనంతగిరి కొండల్లోకి, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి ప్రవేశిస్తుంది.

గుహలో పైకప్పు నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. వాన నీరు గాలిలోనూ నేలలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. సున్నపురాయిని కాల్షియం బైకార్బనేటు రూపంలో కరిగిస్తుంది. ఆ నీరు గుహలోకి చేరినప్పుడు వాయువు తప్పించుకొని పోగా, రాయి తిరిగి మిగులుతుంది. అలా బొట్టుబొట్టుగా పేరుకొన్నవే పైనుంచి వేలాడే ఊడలూ, కింది నుంచి లేచిన స్తంభాలూ.

గుహ అడుగున గోస్తనీ నది ప్రవహిస్తున్నది. అది తాటిపూడి జలాశయం మీదుగా వెళ్ళి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కరిగిన సున్నాన్ని కూడా వెంట తీసుకొనిపోతుంది. సముద్రపు నీటిలో కరిగిన ఆ పదార్థాలతోనే నత్త తన గుల్లను కట్టుకొంటుంది. అక్కడ నిలబడగానే అయ్య ప్రశ్న నాకు గుర్తుకు వచ్చింది. గుల్లలోని ఆ సగం బరువు గాలి నుంచి, రాళ్ళ నుంచి, నదుల మీదుగా వచ్చింది.

"ఈ రాయి ఎప్పటిది సార్?" అని ఒక విద్యార్థిని అడిగింది. తూర్పు కనుమల శిలలు గొప్ప వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మార్చుకొన్నవి. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం ఈ ప్రాంతమూ తూర్పు అంటార్కిటికా కలిసి ఉండేవని భూవిజ్ఞానులు చెబుతారు. బొర్రాలోని సున్నపురాయి స్ఫటికరూపం దాల్చింది కూడా అటువంటి వేడికీ ఒత్తిడికీ గురికావడం వల్లనే. అప్పటికి గుల్ల కట్టుకొనే జీవులింకా పుట్టలేదు. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం అంటార్కిటికా నుంచి విడివడిన మన భూఫలకం ఉత్తరంగా పయనించి ఆసియాను ఢీకొన్నది. ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున నేటికీ కదులుతూనే ఉన్నది.

ఈ కదలికకూ మన ఊపిరికీ సంబంధం ఉన్నది. భూమి పుట్టి సుమారు 454 కోట్ల సంవత్సరాలైంది. తొలినాటి వాతావరణంలో ఆక్సిజన్ దాదాపు లేదు. కార్బన్ డయాక్సైడ్ నేటికంటె ఎన్నో రెట్లు అధికం. వానలు దానిని కడిగాయి, రాళ్ళు దానిని పట్టుకొన్నాయి, సముద్రం దానిని సున్నపురాయిగా అడుగున పేర్చింది. సూక్ష్మజీవులు విడిచిన ఆక్సిజన్ గాలిలో నిలవడం సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది. శుక్రగ్రహం మీద నేడు ఇలా కడిగే సముద్రాలు లేవు. అక్కడి గాలిలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడే. నేల వేడి సుమారు 460 డిగ్రీలు.

అయితే అంతా రాయిలోనే ఉండిపోతే భూమి గడ్డకట్టిపోయేది. ఫలకాలు ఒకదాని కిందికి మరొకటి దిగేటప్పుడు సముద్రగర్భంలోని సున్నపురాయిలో కొంత లోతుకు పోయి, వేడికి విడిపోతుంది. ఆ వాయువు అగ్నిపర్వతాల నుంచి తిరిగి గాలిలోకి వస్తుంది. భూమి కూడా ఒక సున్నపు బట్టీయే. మా బట్టీ ఒక పూటలో చేసే పనికి దానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది.

ఆ సంక్రాంతికి ఊరు వెళ్ళి అయ్యకు ఇదంతా చెప్పాను. అప్పటికి బట్టీ ఆరిపోయింది. ఆయన ఓపికగా విన్నాడు. "నీటితో చల్లార్చి గోడకు పూసిన సున్నం గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చుకొని రాయిలా గట్టిపడుతుంది" అన్నప్పుడు గోడ మీద చెయ్యి వేసి చూశాడు.

"అయితే గాలికి మనం బాకీ లేమన్నమాట" అన్నాడు.

"సున్నం బాకీ తీరుతుంది. కాల్చిన బొగ్గు బాకీ తీరదు" అన్నాను.

ఆ బాకీ నేడు అందరి తలమీదా పెరుగుతున్నది. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలుండిన ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. రాళ్ళూ సముద్రమూ నెమ్మదిగా చేసే పని మన తొందరను అందుకోలేదు.

పండుగ వెళ్ళాక అయ్యను మా కళాశాలకు తీసుకొని వెళ్ళాను. ఆయన బకెట్టులోని పొడిసున్నం మీద నీళ్ళు పోశాడు. అది సుయ్యిమని పొంగి, పొగలు కక్కుతూ పిండిగా విరిగింది. పిల్లలు బల్లలు దిగి చుట్టూ చేరారు. వెనుక వరుసలో నుంచి ఒకడు అడిగాడు, "ఈయన ఎవరు సార్?"

"మా అయ్య" అన్నాను.