నొక్కు, సొట్ట

చుట్టూ అంచున్న టోపీలో తల దూరే ఎత్తు భాగాన్ని క్రౌన్ అంటారు. ఫెడోరాని, హాంబర్గ్‌ని, కౌబాయ్ టోపీని దూరం నుంచే వేరుపరిచేది చాలావరకు దాని మీది నొక్కులే. కావాలని పెట్టింది నొక్కు, అజాగ్రత్తవల్ల పడింది సొట్ట. టోపీ సంరక్షణ అంటే మొదటిదాన్ని నిలుపుకుని, రెండోదాన్ని పడనివ్వకపోవడమే.

మంచి టోపీలకు వాడే ఫెల్ట్ పడుగూ పేకా లేని బట్ట. కుందేలు, బీవర్ వంటి జంతువుల మెత్తటి నూగును వేడినీటితో తడిపి ఒత్తుతూ పోతే, వెంట్రుకల మీది సన్నని పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని దళసరి పొరగా బిగుస్తాయి. ఆవిరి పడితే ఈ పొర సాగుతుంది. అప్పుడు కొయ్య అచ్చు మీదికి లాగి బిగిస్తే ఆ రూపం తీసుకుంటుంది, ఆరాక అలాగే నిలుస్తుంది. గట్టిదనానికి చాలా టోపీలకు లక్క కూడా పట్టిస్తారు. లక్క వేడికి మెత్తబడుతుంది, ఫెల్ట్ తేమకు లొంగుతుంది. టోపీకి రూపమిచ్చిన వేడీ తేమే ఆ రూపాన్ని చెరపగలవు కూడా.

ఫిలడెల్ఫియాలో జాన్ బి. స్టెట్సన్ 1865లో తెచ్చిన ‘బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్’ టోపీకి క్రౌన్ నున్నగా, గుండ్రంగా ఉండేది. నొక్కులు తరవాత ధరించినవాళ్లు ఎవరి ఇష్టం కొద్దీ వాళ్లు పెట్టుకున్నవి. పశువుల కాపరుల పేరు మీద నిలిచిన ‘క్యాటిల్‌మన్’ రూపంలో నడినెత్తిన ఒక పొడవాటి గాడి, దానికి అటొకటి ఇటొకటి పక్క గాడులు ఉంటాయి. నాలుగు వైపులా నొక్కి, కొన కూసుగా తేల్చినది ‘మోంటానా పీక్’. అమెరికా సైన్యం 1911లో తన టోపీకి దాన్నే ఎంచుకుంది. అక్కడి జాతీయ పార్కుల రేంజర్ల తల మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది. జర్మనీలోని బాడ్ హాంబర్గ్ ఊరి పేరు మోస్తున్న టోపీకి ముందు నుంచి వెనక్కి ఒకే గాడి, పక్క నొక్కులు లేవు. ఫెడోరాకు పేరిచ్చింది 1882 నాటి ఫ్రెంచి నాటకం. దాని గుర్తు నడినెత్తి గాడితో పాటు ముందువైపు రెండు పక్కలా ఉండే నొక్కులు.

ఆ ముందు నొక్కులు వేళ్లకు అచ్చంగా సరిపోతాయి. అందుకే చాలామంది అక్కడే పట్టుకుని టోపీ తీస్తారు. టోపీకి జరిగే అన్యాయాల్లో ఇదే పెద్దది. వేళ్ల జిడ్డు అంటి, మడత రోజూ ఒరుసుకుని, ఫెల్ట్ అక్కడే పలచబడి చివరికి చిల్లు పడుతుంది. ఈక్వడార్‌లో తొకియా నారతో అల్లే పనామా టోపీకి ఈ అలవాటు ఇంకా చేటు: ఆరిన నార మడత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. టోపీని ముందూ వెనకా అంచు పట్టుకుని తీయాలి. బల్ల మీద క్రౌన్ కిందికి వచ్చేలా తిరగేసి పెడితే అంచు వంపు చెడదు. మేకుకు తగిలిస్తే లోపలినుంచి బొడిపె లేస్తుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే లోపలి తోలు పట్టీ కుంచించుకుని, ఫెల్ట్‌ను కూడా తనతో లాక్కుంటుంది.

వానలో తడిసిన ఫెల్ట్ టోపీని విదిలించి, లోపలి తోలు పట్టీని బయటికి మడిచి, దాని మీదే నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. పొయ్యి దగ్గర పెట్టకూడదు. సొట్ట పడితే కెటిల్ ఆవిరి కొద్ది క్షణాలు చూపించి, లోపలినుంచి వేళ్లతో నెట్టి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఆవిరి ఎక్కువైతే బిగువు పోతుంది. ఎక్కువ కాలం దాచాలంటే క్రౌన్‌లో పలచని కాగితం వదులుగా కుక్కి పెట్టెలో పెడతారు. ఫెల్ట్‌ను చిమ్మటలు తింటాయి కనుక పెట్టెను అప్పుడప్పుడు తెరిచి చూస్తారు.

రూపం పూర్తిగా చెడిన టోపీ తయారీదారు దగ్గరికే తిరిగి వెళ్లాలి. అతడు రిబ్బనూ పట్టీ విప్పి, ఆవిరి పట్టి, మళ్లీ కొయ్య అచ్చుకెక్కిస్తాడు. క్రౌన్ నున్నగా లేచి వస్తుంది. పాత నొక్కు ఉన్నచోట నూగు అరిగి ఉంటే మాత్రం ఆ గీత సన్నగా కనబడుతూనే ఉంటుంది.