ఒకటో తారీఖు

మా నాన్న తెనాలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. ముప్ఫై ఏళ్ళు అక్కడే పద్దులు రాశారు. ఆయన దృష్టిలో ఒకటో తారీఖున జీతం ఇచ్చేవాడే యజమాని, తక్కిన గొప్పలన్నీ ఆ తర్వాతే. 1999 ఫిబ్రవరిలో నేను న్యూజెర్సీలో దిగాక, ఫోను చేసినప్పుడల్లా ఆయన మొదట అడిగేది ఒకటే: "జీతం అందిందా?"

"అందింది నాన్నా" అనేవాణ్ణి. అది అబద్ధం.

నన్ను తెచ్చింది మన తెలుగాయన నడిపే ఒక కన్సల్టింగ్ కంపెనీ. పేరు అనవసరం. ఎడిసన్‌లో గెస్ట్ హౌస్ ఉందన్నారు. వెళ్ళి చూస్తే రెండు పడకగదుల అపార్టుమెంటులో ఏడుగురం. నేలమీద పరుపులు, ఒక రైస్ కుక్కరు, ఒక ఫోను. అది మోగితే, ఇంటర్వ్యూ ఎవరికొచ్చిందోనని ఏడుగురమూ లేచి నిలబడేవాళ్ళం. బెంచీ అంటే, ఎక్కాలు అప్పజెప్పలేనప్పుడు మాస్టారు ఎక్కించిన బెంచీ ఒక్కటే తెలుసు నాకు. ప్రాజెక్టు దొరికేదాకా ఖాళీగా ఉండటాన్ని కూడా బెంచి అంటారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మాస్టారి బెంచీ గంటలో దిగేవాళ్ళం. ఈ బెంచీ మీద రెండున్నర నెలలున్నాను, పైసా జీతం లేకుండా.

నియామక పత్రంలో ఏడాదికి 45 వేల డాలర్లని స్పష్టంగా ఉంది. మొదట్లో ఒకసారి అడిగితే మా యజమాని నవ్వి, "ప్రాజెక్టు రానీ తమ్ముడూ, అన్నీ సర్దుకుంటాయి. మనం మనం ఒకటి" అన్నారు. ఆయన చెడ్డవాడని చెప్పలేను. విమానాశ్రయానికి తనే కారు వేసుకుని వచ్చారు. ఉగాదికి వాళ్ళావిడ కారియరు నిండా పులిహోర, బొబ్బట్లు పంపారు. ఆ బొబ్బట్లు తిన్న నోటితో మళ్ళీ జీతం మాట ఎలా ఎత్తను? ఎత్తలేదు. నా రెజ్యూమెలో రెండేళ్ళ కోబాల్ అనుభవం ఐదేళ్ళు ఎలా అయిందని కూడా అడగలేదు.

మే నెల మొదట్లో హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో వై టూ కే పని దొరికింది. అక్కడ ఫ్యాక్సు మిషను దగ్గర ఒకరోజు మా కంపెనీ పంపిన బిల్లు కంటబడింది. నా పనికి గంటకు 62 డాలర్లు. నాకిచ్చేది సుమారు 21. ఆ తేడాకు నేను బాధపడలేదు. వ్యాపారమన్నాక ఖర్చులూ లాభమూ ఉంటాయి, మిల్లు గుమాస్తా కొడుకుని, ఆ మాత్రం తెలుసు. ఇంత మిగులుతున్నా బెంచి మీది జీతం, 9,375 డాలర్లు, ఎందుకివ్వరన్నదే మింగుడుపడలేదు.

గెస్ట్ హౌస్‌లో నా పక్క పరుపు వరంగల్ కుర్రవాడిది. అతను లైబ్రరీకి వెళ్ళి చదువుకొచ్చాడు. 1998 అక్టోబరులో వచ్చిన చట్టం ప్రకారం హెచ్-1బి మీద తెచ్చుకున్న మనిషికి పని చూపించలేకపోయినా కంపెనీ జీతం ఇవ్వాలి. పనికి సిద్ధమని హాజరైన రోజు నుంచి, ఎంత ఆలస్యమైనా దేశంలో దిగిన 30 రోజులకల్లా మొదలుపెట్టాలి. ఇవ్వకపోతే ఏడాదిలోపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

"ఇద్దరం కలిసి ఇద్దామన్నా" అన్నాడు.

"మనవాడి మీద మనమే ఫిర్యాదా?" అన్నాను. నా గ్రీన్ కార్డు ఏమవుతుందన్నది లోపలి మాట. అది పైకి అనలేదు.

అతను ఒక్కడే ఇచ్చాడు.

ఆ ఏడు దీపావళి సభలో మా యజమాని వేదిక మీద జ్యోతి వెలిగించారు. భోజనాల దగ్గర వరంగల్ కుర్రవాడు ఒక బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ పక్కన కూర్చోనూలేదు. నేను పళ్ళెం పట్టుకుని అతని ముందునుంచే నడిచి వేరే బల్లకు వెళ్ళాను. అతను తలెత్తి చూసి, మళ్ళీ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు.

మరుసటి ఏడాది అతనికి బాకీ జీతం చెక్కు వచ్చింది. అప్పటికి నా గడువు దాటిపోయింది.

మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు నిజం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నిన్ను తీసుకెళ్ళాడు, అన్నం పెట్టాడు. అది ఒక ఖాతా, దానికి దణ్ణం పెట్టు. జీతం వేరే ఖాతా. రెండూ కలిపి రాసేవాడు గుమాస్తా కాడురా" అన్నారు. కాసేపాగి, "మరి ఆ పిల్లవాడి ఖాతాలో నువ్వేం రాశావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నాన్న ఇప్పుడు లేరు. చట్టాలు కొంత మారాయి. 2000లో వచ్చిన చట్టంతో, కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టగానే అక్కడ పనిలో చేరే వీలు కలిగింది. 2017 జనవరి నుంచి, ఉద్యోగం పోయినవాళ్ళకు మరొకటి వెతుక్కోవడానికి 60 రోజుల దాకా వ్యవధి వచ్చింది. అయినా కిందటేడు మా అక్క కొడుకు ఫోను చేసి, "మూడు నెలలుగా జీతం లేదు మామయ్యా. కానీ వాళ్ళు మనవాళ్ళే" అన్నాడు. మర్నాడే కారు వేసుకుని వెళ్ళాను. వాడు ఫిర్యాదు రాస్తుంటే పక్కనే కూర్చున్నాను.

ఆ రాత్రి వరంగల్ మిత్రుడి నంబరు సంపాదించి ఫోను చేశాను. సంగతంతా చెప్పి, ఆ దీపావళి గుర్తుందా అని అడిగాను.

"ఇన్నాళ్ళకా అన్నా!" అన్నాడు. నవ్వాడో, నిట్టూర్చాడో ఫోనులో తెలియలేదు.

ఈ పండక్కి మన ఊళ్ళో ఒంటరిగా ఉన్న పిల్లలను మీ ఇంటికి భోజనానికి పిలవండి. పులిహోర వడ్డించండి. వడ్డిస్తూ, "జీతం అందుతోందా బాబూ?" అని కూడా ఒక మాట అడగండి.