డెబ్బై రోజుల చలి, రెండు వారాల పరిమళం

శ్రీనగర్ తోటలో పేరు తులిప్‌లది, వాసన హయసింత్‌లది. ఒక పూల గడ్డ కథలో కశ్మీర్ శీతకాలం, పర్యాటకం, మన ఇంటి ఫ్రిజ్ కూడా ఉన్నాయి

మార్చి నెలాఖరులో శ్రీనగర్ విమానం ఎక్కే యాత్రికులు తులిప్‌ల కోసమే వెళతారు. ఫోటోలూ వాటి పక్కనే దిగుతారు. కానీ జబర్వాన్ కొండల పాదాల దగ్గర, దాల్ సరస్సుకు ఎదురుగా ఉన్న ఆ తోటలో అడుగు పెట్టగానే ముక్కును పలకరించేది తులిప్ కాదు. చాలా తులిప్‌లకు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. కొండ గాలి కిందికి దిగినప్పుడల్లా తీయగా, కాస్త ఘాటుగా వచ్చే ఆ పరిమళం జానెడు ఎత్తున్న హయసింత్‌ది. లావుపాటి కాడ, దాని చుట్టూ మొక్కజొన్న కంకికి గింజల్లా ఒత్తుగా అమరిన చిన్న చిన్న గంటల్లాంటి పూలు. నీలం, తెలుపు, గులాబీ, ఊదా, లేత పసుపు. మడిలో నాలుగు వరసలుంటే చాలు, పది గజాల అవతలి నుంచే ఉనికి తెలిసిపోతుంది.

హయసింత్ అనగానే కొల్లేరు పరిసరాల వారికి గుర్రపుడెక్క గుర్తుకొస్తే అది వారి తప్పు కాదు. చెరువుల్నీ కాలువల్నీ కమ్మేసే ఆ కలుపు మొక్కను ఇంగ్లీషులో వాటర్ హయసింత్ అంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క బెంగాల్ జలమార్గాల్ని ఎంతగా పీడించిందంటే, దాని నిర్మూలనకు 1936లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. పూల గుత్తిలో పోలిక ఉండడం వల్ల పేరు కలిసిందే తప్ప ఈ రెండింటికీ చుట్టరికం లేదు. గుర్రపుడెక్కకు వేడి, నీరు ఉంటే చాలు, వద్దన్నా పెరుగుతుంది. అసలు హయసింత్ అలా కాదు. ఎండాకాలం గడ్డలో నిద్రపోవాలి, శీతకాలం చలిలో నానాలి. ఆ రెండూ సరిగ్గా కుదిరితేనే వసంతంలో పూస్తుంది.

దాని పుట్టిల్లు దక్షిణ తుర్కియే, సిరియా, లెబనాన్ కొండలు. ఆటమన్ సుల్తానుల తోటల మీదుగా 16వ శతాబ్దిలో యూరప్ చేరింది. ఫార్సీ కవులకు మాత్రం అది అంతకు ముందే ఆప్తురాలు. వాళ్లు దాన్ని సుంబుల్ అన్నారు, ప్రేయసి ముంగురులతో పోల్చారు. హైదరాబాద్‌లో ఉర్దూ గజల్ వినే అలవాటున్న వారికి పువ్వు తెలియకపోయినా ఆ మాట తెలిసే ఉంటుంది. ఇరాన్‌లో నౌరోజ్ పండగ నాడు బల్ల మీద అలంకరించే వస్తువుల్లో ఈనాటికీ సుంబుల్‌ది ప్రత్యేక స్థానం. తులిప్ గడ్డల మీద వేలంవెర్రి 1637లో కుప్పకూలాక, దాదాపు వందేళ్లకు హాలెండ్‌లో అదే పిచ్చి చిన్న స్థాయిలో హయసింత్ మీద పుట్టింది. హార్లెం పట్టణం దానికి రాజధాని అయింది. లేత పసుపు రంగులో పూసే ఒక పాత రకానికి ఈనాటికీ ఆ ఊరి పేరే.

చిల్లై కలాన్ లెక్క

శ్రీనగర్ తోట వయసు పెద్దది కాదు. మొఘలుల కాలపు చష్మే షాహీకి పక్కనే, సుమారు 30 హెక్టార్ల వాలు నేలను అంచెలంచెలుగా మలిచి దీన్ని తీర్చిదిద్దారు. 2007లో మొదలైన దీనికి ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానవనం అని పేరు. పర్యాటకుల రాకకు మే నెల దాకా ఆగనక్కర్లేకుండా, సీజన్‌ను ముందుకు జరపాలన్నది అసలు ఆలోచన. అది ఫలించింది. 2022లో మూడున్నర లక్షల మందికి పైగా వచ్చారు. 2023లో 15 లక్షల తులిప్‌లతో ఆసియాలోకెల్లా పెద్ద తులిప్ తోటగా రికార్డు పుస్తకానికెక్కింది. తులిప్‌లతో పాటు డాఫోడిల్స్, రనంక్యులస్, హయసింత్‌లు కూడా ఇక్కడి మడుల్లో ఉంటాయి.

ఈ పూలకు కశ్మీరే ఎందుకంటే, జవాబు కశ్మీరీల ఇంటి పంచాంగంలోనే ఉంది. డిసెంబర్ 21న మొదలై 40 రోజులు సాగే గడ్డు చలిని వాళ్లు చిల్లై కలాన్ అంటారు. తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్. ఆఖరి 10 రోజులు చిల్లై బచ్చా, అంటే పిల్ల చలి. అంతా కలిపితే 70 రోజులు, సరిగ్గా పది వారాలు. హయసింత్ గడ్డకు పూత కోసం ఎంత చలి కావాలని తోటపని పుస్తకాలు చూస్తే, కనీసం పది వారాలు, రెండు నుంచి తొమ్మిది డిగ్రీల మధ్య అని ఉంటుంది. ఫిరన్ కింద కాంగ్డీ కుంపటి పెట్టుకుని జనం లెక్కపెట్టే రోజులే మట్టి కింద గడ్డకూ లెక్క. అక్టోబర్, నవంబర్ నెలల్లోనే నాటేస్తారు కాబట్టి నిజానికి దానికి అంతకంటే ఎక్కువే దక్కుతుంది.

ఆ చలి చేసే పని చూడడానికి చిత్రంగా ఉంటుంది. పువ్వు పుట్టేది వసంతంలో కాదు. అంతకు ముందు వేసవిలో, ఆకులు ఎండిపోయి గడ్డ ఊరికే పడి ఉన్నప్పుడు, పొరల నడుమ బుల్లి మొగ్గల గుత్తి తయారవుతుంది. సెప్టెంబర్‌లో ఒక గడ్డను నిలువునా కోస్తే అది కళ్లకు కనిపిస్తుంది. అప్పటికి పువ్వు సిద్ధం, కాడే లేదు. ఆ కాడ సాగాలంటే చలి కావాలి. చలి చాలకపోతే పువ్వు ఆకుల మధ్యే, మెడ దగ్గరే ఇరుక్కుపోయి విచ్చుకుంటుంది. మైదానాల్లో హయసింత్ పెంచబోయిన వారికి ఎక్కువగా ఎదురయ్యే నిరాశ ఇదే.

అందుకే శీతకాలం తీరు మారితే ఇక్కడి తోటమాలికి కంగారు. 2024 డిసెంబర్‌లో శ్రీనగర్ ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీలకు పడిపోయింది. డిసెంబర్ నెలలో అంత చలి యాభై ఏళ్లలో లేదు. అదే 2024 జనవరిలో గుల్మార్గ్ స్కీయింగ్ వాలులు మంచు లేక చాలా రోజులు బోసిపోయాయి. 2022 మార్చి నెల దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అత్యంత వేడి మార్చిగా నమోదైంది. గడ్డకు కావలసిన చలి శ్రీనగర్‌లో ఇప్పటికీ పుష్కలంగానే దొరుకుతోంది. చిక్కల్లా ఆ తర్వాత వచ్చే మార్చితోనే. చల్లగా ఉంటే రెండు వారాలకు పైగా నిలిచే పూత, ఎండ ముదిరితే వారానికే వాడిపోతుంది. ముందు పూసేవి, మధ్యలో పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటి తోటను నెల రోజులు నడిపించడమే ఇక్కడి కిటుకు. వేడి వస్తే ఆ వరస అంతా ఒకదాని మీద ఒకటి పడిపోతుంది.

గడ్డ ఎవరిది?

ఇంత చలి ఉన్నా ఈ తోటకు కావలసిన కొత్త గడ్డలు ఏటా నెదర్లాండ్స్ నుంచే వస్తాయి. పువ్వును చూపించడం ఒక పని, గడ్డను తయారు చేయడం మరో పని కావడమే దీనికి కారణం. హయసింత్ తనంతట తాను పిల్లలు పెట్టడం చాలా నెమ్మది. డచ్ రైతులు గడ్డ అడుగుభాగాన్ని వంపు కత్తితో చెక్కేసి, వెచ్చని గదిలో ఉంచుతారు. కోసిన అంచుల వెంట పదుల కొద్దీ పిల్ల గడ్డలు పుడతాయి. వాటిని నాటి, ఏటా తవ్వి, మళ్లీ నాటి పూత పూసే సైజుకు తీసుకురావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. సముద్రపు ఇసుక దిబ్బల పక్కన నీరు నిలవని నేల, తవ్విన గడ్డను నిర్ణీత వేడిలో నిలవ చేసే గిడ్డంగి, ఇంత కాలం పెట్టుబడి ఇరుక్కుపోయినా తట్టుకునే రైతు. వాళ్ల వ్యాపారం అంతా ఈ మూడింటి మీదే నిలబడింది.

కశ్మీర్‌కు ఇవి అసాధ్యమేమీ కాదు. శ్రీనగర్‌కు కూతవేటు దూరంలోని పాంపోర్‌లో కుంకుమపువ్వు రైతులు తరతరాలుగా చేస్తున్నది గడ్డల సేద్యమే. ఎప్పుడు తవ్వాలో, ఎలా ఏరాలో, ఏ నేలలో కుళ్లుతాయో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. హిమాచల్‌లో పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ సంస్థ లాహౌల్ లోయ రైతులతో తులిప్ గడ్డలు పండించే ప్రయత్నం ఇప్పటికే మొదలెట్టింది. మొక్కకు రోగాలు రాకుండా చూసే వ్యవస్థ, వేసవి నిలవ గదులు, మూడేళ్లు ఆగే అప్పు ఉంటే హయసింత్‌కూ అదే దారి. తోట చుట్టూ టీ కొట్లు, టాక్సీలు, షికారాలు, హోటళ్లు పూసినన్నాళ్లు బతుకుతాయి. గడ్డల సేద్యమైతే రైతుకు ఏడాది పొడవునా పని ఉంటుంది.

ఈ తేడా ఎంతటిదో కశ్మీర్‌కు రెండు సార్లు తెలిసొచ్చింది. 2020లో లాక్‌డౌన్ కారణంగా తోట పూర్తిగా పూసినా గేట్లు తెరుచుకోలేదు. లక్షల పూలు చూసే దిక్కు లేక వాడిపోయాయి. 2025లో జనం కిక్కిరిశారు. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. వారం తిరిగేసరికి లోయలోని 87 పర్యాటక స్థలాల్లో 48 మూతపడ్డాయి, బుకింగులు రద్దయ్యాయి. చూడడానికి వచ్చే వారి మీదే ఆధారపడ్డ పువ్వుకు ఎప్పుడూ ఈ భయం తప్పదు. సంచిలో వేసి ఢిల్లీకో, సిమ్లాకో, బెంగళూరుకో పంపగల గడ్డకు అంత భయం లేదు.

ఫ్రిజ్‌లో శీతకాలం

కశ్మీర్ వెళ్లలేని వారు ఆ చలిని అరువు తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో హయసింత్‌ను పూయించడం సాధ్యమే, కాకపోతే ఒక్కసారికే. అక్టోబర్ ప్రాంతంలో నర్సరీల్లోనో, విత్తనాల దుకాణాల్లోనో గడ్డలు కొనాలి. చేతికి గట్టిగా, బరువుగా తగలాలి. మెత్తబడినవీ, బూజు పట్టినవీ వద్దు. గడ్డ పొరల్లో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి కాబట్టి పట్టుకుంటే కొందరికి దురద పెడుతుంది. చేతికి తొడుగులు వేసుకోవడం మేలు. తింటే మనుషులకే కాదు, కుక్కలకూ పిల్లులకూ హానికరం. ఫ్రిజ్‌లో ఉల్లిపాయలనుకుని ఎవరూ పొరబడకుండా కాగితం సంచి మీద పేరు రాసి పెట్టాలి.

సంచిని ఫ్రిజ్ కింది అరలో, గడ్డ కట్టని చోట, పది నుంచి పన్నెండు వారాలు ఉంచాలి. ఆ అరలో యాపిల్స్, అరటిపండ్లు ఉండకూడదు. పండే పండ్ల నుంచి వెలువడే ఎథిలిన్ వాయువు గడ్డ లోపలి పూమొగ్గను చంపేస్తుంది. నవంబర్‌లో మూసిన ఫ్రిజ్ నుంచి జనవరిలో తీస్తే మన దగ్గర చలి ఇంకా మిగిలే ఉంటుంది. నీరు ఇట్టే ఇంకిపోయే మట్టిలో, మొన పైకి కనబడేలా కుండీలో నాటాలి. సన్నని మెడ ఉన్న గాజు పాత్ర ఉంటే మట్టి కూడా అక్కర్లేదు. నీరు గడ్డ అడుగును తాకీ తాకనట్టు ఉంటే చాలు, వేళ్లు వాటంతటవే దిగుతాయి. గడ్డ నీళ్లలో మునిగితే కుళ్లుతుంది. మొలక రెండంగుళాలు వచ్చేదాకా ఇంట్లో అన్నిటికంటే చల్లని, చీకటి మూలలో ఉంచి, తర్వాత వెలుతురులోకి తేవాలి. ఎండ నేరుగా పడకూడదు. రెండు మూడు వారాల్లో పూస్తుంది. కంకి బరువుకు కాడ వాలితే పక్కన పుల్ల పాతి దారంతో కట్టాలి. రాత్రిళ్లు చల్లని వరండాలో పెడితే పువ్వు ఇంకో రెండు మూడు రోజులు నిలుస్తుంది.

కొండ ప్రాంతాల్లో, నేల మీద పెంచేవారికి పని ఇంకా తేలిక. నాలుగు నుంచి ఆరంగుళాల లోతు, గడ్డకూ గడ్డకూ మధ్య అర అడుగు, నీరు నిలవని మడి. పూత అయ్యాక వాడిన కంకిని మాత్రమే కోసేయాలి. ఆకుల్ని ముట్టుకోకూడదు. అవి పచ్చగా ఉన్న ఆరేడు వారాల్లోనే గడ్డ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఎంత చూసుకున్నా రెండో ఏడు కంకి కాస్త పలచబడుతుంది. కొందరికి అదే ముద్దు. దుకాణం సరుకులా కాక, కొండ మీద తనంతట తాను మొలిచిన పువ్వులా కనిపిస్తుంది.

శ్రీనగర్‌లో చూడాలనుకునే వారు మార్చి ఆఖరి వారంలోనో, ఏప్రిల్ మొదటి వారంలోనో వెళ్లాలి. తులిప్‌ల మధ్య పూత వరకు ఆగితే హయసింత్‌లు అప్పటికే వాడిపోయి ఉండొచ్చు. ఉదయాన్నే, జనం పెరగక ముందే మంచిది. ఏప్రిల్ ఆఖరుకు గేట్లు మూసేస్తారు. ఆకులు పండి, గడ్డలు తవ్వి, ఆరబెట్టి, ఏరి, అక్టోబర్ దాకా కాపాడే పని ఆ తర్వాత మొదలవుతుంది. తర్వాతి పువ్వు తయారయ్యేది ఆ నెలల్లోనే. అక్కడ టికెట్లు అమ్మరు, ఫోటోలు తీయరు. కశ్మీర్ తన గడ్డను తానే పెంచుకుంటుందా లేదా అన్నది ఆ ఆరు నెలల పని మీద, దానికి ఎవరు డబ్బు పెడతారన్న దాని మీద ఆధారపడి ఉంది.